చెరువు ఒక్కటే కాదు, పైనున్న గుట్టనూ కాపాడండి

సంపాదకుడు గారికి,

చెరువుల పూడికతీతకు నిధులు వచ్చాయన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. అప్పట్లో నీరు-చెట్టు పథకం, ఆ తర్వాత జిల్లాకు 75 చొప్పున అమృత్ సరోవర్లు. సంతోషమే. కానీ ఆ చెరువులోకి నీళ్లు ఏ నేల మీదుగా రావాలో, ఆ నేల గతేమిటని అడిగేవాళ్లు లేరు.

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, వింజమూరు వైపు మాది మెట్ట. చెరువులన్నీ వాన మీదే ఆధారం. ఆ వాన కూడా ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, వాయుగుండం పట్టినప్పుడు కుమ్మరించి పోతుంది. అంత నీళ్లు ఒక్కసారిగా ఉరకకుండా ఆపి, నిదానంగా వాగులోకి వదిలేది గుట్టల మీది చిట్టడవి. రికార్డుల్లో మాత్రం అది బంజరు, లేదంటే గుట్ట పోరంబోకు. ఇక ప్లాట్లకైనా, గ్రావెల్‌కైనా ముందు దాని మీదే కన్ను పడుతుంది.

మా ఊరి చెరువు ఎగువన జరుగుతున్నది అదే. అనుమతి ఒకచోట, తవ్వకం ఇంకోచోట. టిప్పర్లు తిరగడానికి వాగుకు అడ్డంగా మట్టి పోసి దారి వేశారు. మొన్నటి వానకు ఆ మట్టంతా కొట్టుకొచ్చింది. తూము దగ్గర మోకాటి లోతు ఎర్ర ఒండ్రు మేట వేసింది, అదీ పూడిక తీయించిన చోటే! దీనికి మళ్లీ టెండరు పిలుస్తారు కాబోలు. వచ్చిన నీళ్లు నిలిచే చోటు లేక కలుజు (అలుగు) దాటి పోయాయి. ఎండాకాలం రాకముందే బోర్లలో నీళ్లు అడుగంటాయి.

ఆ చిల్లకంపలో ఏముంది, పులులా అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. కుందేళ్లు, నక్కలు, ఉడుములు, నెమళ్లు ఉన్నాయి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ దొరికింది పక్కనే ఉన్న కడప జిల్లాలో, ఇలాంటి ముళ్లపొదల్లోనే. దానికోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చాల్సి వచ్చింది. దట్టమైన అడవైతేనే అడవి అనుకునే మన చూపు ఎప్పుడు మారుతుందో!

రైతుగా ఇంకో మాట. గుట్టలు తవ్వేకొద్దీ అడవిపందులు చేల మీద పడుతున్నాయి. వేరుశనగ కాపాడుకోవడానికి కరెంటు తీగలు పెట్టేవాళ్లున్నారు. వాటికి పందులే కాదు, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనుషులూ బలవుతున్నారు. తీగలు పెట్టడం తప్పే, నేను సమర్థించను. కానీ పందుల చోటు లాగేసుకుని, అవి చేలోకి వచ్చాయని ఏడిస్తే ఏం లాభం?

చట్టాలకు కొదవ లేదు. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. ఊరి చెరువులు, ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011లోనే అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఊరివాళ్లు ముందుకొస్తే ఉమ్మడి భూమిని, సొంత భూమిని కూడా కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించే వీలు వన్యప్రాణి చట్టంలోనే ఉంది. అలా కాపాడితే రైతుకు నష్టమేమీ లేదు. నేలపట్టు పక్షుల కేంద్రం దగ్గర గూడబాతుల (పెలికాన్ల) రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని అక్కడి రైతులే చెబుతారు. పక్షులతో వాళ్లకు పేచీ లేదు.

కాబట్టి కలెక్టర్ గారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం: భూముల రీసర్వేలో చెరువుతో పాటు దానికి నీళ్లు తెచ్చే వాగులు, పైనున్న గుట్టల హద్దులు కూడా తేల్చి రిజిస్ట్రేషన్లు నిషేధించిన భూముల 22-ఏ జాబితాలో చేర్చాలి. గ్రావెల్‌కు అనుమతి ఇచ్చే ముందు గనుల శాఖ ఒక్కటే కాక ఇరిగేషన్, అటవీ, రెవెన్యూ అధికారులు కలిసి వచ్చి చూడాలి, అదీ వానాకాలంలో, వాగు పారుతున్నప్పుడు. ఇప్పటికే తవ్విన చోట వాగుకు అడ్డం వేసిన దారిని ఈ వాయుగుండాలు మొదలయ్యేలోపు తీయించాలి.

ఇట్లు,
ఒక మెట్ట రైతు,
వింజమూరు మండలం, నెల్లూరు జిల్లా