మెరక చేసిన లేఅవుట్ నీరు ఎవరింటికి పోవాలి?

సంపాదకులకు నమస్కారం.

ఏడాదికి సగటున 55 సెంటీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే అనంతపురం నుంచి వరద గురించి లేఖ రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. 2022 అక్టోబరులో నడిమివంక అనే వాగు పొంగి రుద్రంపేట వైపు ఇళ్లలోకి నీరు చేరడం, 2024 అక్టోబరులో పండమేరు వాగు పొంగి నగర శివారు కాలనీలు మునగడం చూసినవారికి మాత్రం తోచదు. నా మటుకు నాకు, కరువే ఇక్కడ వరదకు సగం కారణమనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఎండి, ముళ్లకంపతో నిండిపోయిన వంక అమ్మేవారికీ కొనేవారికీ కూడా నీటి దారిగా కాక ఖాళీ జాగాగానే కనబడుతుంది.

మా వీధికి ఎగువన కొన్నేళ్ల క్రితం వరకు వేరుసెనగ చేను ఉండేది. అందులో పడిన వాన కొంత నేలలో ఇంకి, కొంత గట్ల వద్ద ఆగి, మిగిలింది నిదానంగా కిందికి వచ్చేది. ఇప్పుడు అక్కడ టిప్పర్లతో మట్టి తోలి, మూడడుగులు మెరక చేసి, లేఅవుట్ వేశారు. ఎకరం స్థలంలో 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు నాలుగు లక్షల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. మిద్దెల మీదా సిమెంటు రోడ్ల మీదా పడిన ఆ నీటిలో ఇంకేది నామమాత్రం. తక్కినదంతా గంటలోపే పల్లానికి, అంటే మా గడపల్లోకి దిగుతోంది. అందుకని మేమూ మెట్లు పెంచుకుంటున్నాం. నేనూ రెండు వరసలు కట్టించాను, దాంతో మా కింది వీధివారు నాతో సరిగా మాట్లాడటం లేదు.

రాష్ట్రంలో 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలు పది హెక్టార్లకు పైబడిన చెరువులకు 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు వదలాలని చెబుతున్నాయి. ఇది అవసరమే కానీ, దూరం కొలిచినంత మాత్రాన నీటిని కొలిచినట్టు కాదు. వంకకు అర కిలోమీటరు దూరాన ఉన్న లేఅవుట్ నిబంధనలన్నీ పాటించి కూడా ఆ వంకను పొంగించగలదు. అనుమతి ఏ లేఅవుట్‌కు ఆ లేఅవుట్‌గా ఇస్తున్నారు తప్ప, పదీ కలిసి ఎంత నీటిని కిందికి నెడుతున్నాయో, ఒకప్పుడు చేల నీటికి సరిపోయేలా వేసిన కల్వర్టు ఇప్పుడు దానిని మోయగలదో లేదో ఎవరూ లెక్క చూడటం లేదు. ఉన్న కల్వర్టులోనూ సగం పూడికే.

ఈ ఊరికి పేరు అనంతసాగరమనే చెరువు వల్లే వచ్చిందని చెబుతారు. నగరంలో మరువవంక అన్న పేరు నేటికీ వాడుకలో ఉంది. చెరువు నిండాక మిగులు నీరు పోయే చోటు మరువ. కట్ట కట్టినవారు మిగులు నీటి దారిని కూడా ముందే నిర్ణయించుకునేవారు. ఈనాటి లేఅవుట్ ప్లానులో పార్కు, రోడ్డు, కరెంటు స్తంభం కనబడతాయి, మరువ మాత్రం ఉండదు.

కనుక వర్షాకాలం రాకముందే రెవెన్యూ, నగరపాలక అధికారులు పాత గ్రామపటాల ప్రకారం వంకల హద్దులు కొలిచి రాళ్లు నాటించాలి. కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు నేల ఎంత ఎత్తు పెరుగుతుందో, వాన నీరు ఏ కాలువ గుండా ఏ చెరువుకు చేరుతుందో రాతపూర్వకంగా తీసుకుని, ఆ కాగితాన్ని దిగువ వీధుల ప్రజలకు చూపించి, వారి అభ్యంతరాలు విన్న తర్వాతే సంతకం చేయాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం