బుజ్జిగాడి బొమ్మల గురించి అక్కకు ఉత్తరం

నిషికసాయి, టోక్యో
ఆదివారం రాత్రి

అక్కా,

ఇక్కడ నేను క్షేమం. ఆఫీసు మామూలే, పని ఎక్కువే గానీ అలవాటైపోయింది. అమ్మకి మార్చిన బీపీ మాత్రలు పడ్డాయా? పొద్దున లేవగానే కళ్ళు తిరుగుతున్నాయంటే మాత్రం పండగ అయ్యాక చూద్దామని ఊరుకోకు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఆవిడ తనంతట తాను చెప్పదు, నువ్వే అడగాలి.

మొన్న ఫోన్లో బుజ్జిగాడి సంగతి చెప్తూ ఏడ్చినంత పని చేశావు. ఎప్పుడూ జపాన్ బొమ్మల సీరియళ్ళే చూస్తున్నాడని బావగారు వైఫై తీయించేశారని, వాడు అలిగి అన్నం మానేశాడని, లెక్కల నోటుబుక్కు వెనకంతా కత్తులు పట్టుకున్న బొమ్మలేనని. "నువ్వున్న దేశం నుంచే కదే ఈ పీడ" అన్నావు. అప్పుడు నేనేం చెప్పినా నీ చెవికెక్కేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు. బావగారికీ చదివి వినిపించు.

బొమ్మలంటే చిన్నపిల్లల కాలక్షేపమని మన ఇళ్ళల్లో అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. రైల్లో నా పక్కన కూర్చునే ఆఫీసు మనుషులు కూడా ఫోన్లో అనిమే, అంటే ఈ బొమ్మల సీరియళ్ళే, చూస్తుంటారు. చాలా కథలు ముందు పత్రికల్లో బొమ్మల సీరియళ్ళుగా వస్తాయి, వాటిని మాంగా అంటారు. జనానికి నచ్చితే టీవీకెక్కుతాయి. ఆ పత్రికలు ఎవరి కోసం వేస్తారో దాన్నిబట్టే కథ రకం. మగపిల్లల పత్రికల్లో వచ్చేవి షోనెన్, ఆడపిల్లలవి షోజో, పెద్ద మగవాళ్ళ కోసం సేనెన్, పెద్ద ఆడవాళ్ళ కోసం జోసెయ్. షించాన్ గుర్తుందిగా, వాడి మాటలు విని నువ్వు టీవీ కట్టేసేదానివి? అది 1990లో మొదలైంది పెద్దవాళ్ళు చదివే పత్రికలో! మన దగ్గర పిల్లల చానల్లో వేశారు. గోల లేచి 2008లో మన ప్రభుత్వం కొన్నాళ్ళు ఆపించింది కూడా. నీ కోపంలో తప్పు లేదక్కా.

ఇంతా చెప్పి ఇంకోటి చెప్పకపోతే నిన్ను మోసం చేసినట్టే. షోనెన్ అని ఉంటే చాలు, పిల్లలకి మంచిదే అనుకోవద్దు. నరుటో, వన్ పీస్ షోనెన్ కథలే. మనుషుల్ని నమిలి మింగే మహాకాయుల కథ, అటాక్ ఆన్ టైటాన్, అదీ మగపిల్లల పత్రికలోదే. మనిషి పేరు రాస్తే చచ్చిపోయే నోటుబుక్కు కథ డెత్ నోట్ కూడా అంతే. రెండూ గొప్ప కథలు, కానీ ఎనిమిదో తరగతి వాడికి అప్పుడే వద్దు. వాడి ఫోన్లో ఉంటే ఇంకో మూడేళ్ళు ఆగమని నేనే చెప్తాను, నా మాట వింటాడు.

వాడు గీస్తున్న కత్తుల పిల్లాడు ఎవడో నాకు తెలుసు. నుదుటి మీద మచ్చ, గళ్ళ కోటు, వీపు మీద చెక్క పెట్టె. అవునా? వాడి పేరు తంజిరో. డీమన్ స్లేయర్ అని, 2025 సెప్టెంబర్‌లో తెలుగులో కూడా థియేటర్లకి వచ్చిందే, ఆ కథ. రాక్షసుడు ఇంటిల్లిపాదినీ చంపేస్తాడు. మిగిలిన ఒక్క చెల్లెలూ రాక్షసిగా మారిపోతుంది. ఎండ తగిలితే చచ్చిపోతుందని ఆ పిల్లని పెట్టెలో పెట్టి వీపున మోసుకుంటూ, మళ్ళీ మనిషిని చేసే మందు కోసం తిరుగుతాడు అన్న. తలలు తెగుతాయి, రక్తం ఉంటుంది, కాదనను. కానీ నీ కొడుకు ఆ పెట్టెని కూడా గీశాడేమో ఒకసారి ఆ నోటుబుక్కు తీసి చూడు.

మొన్న రైలెక్కి ఓయిజుమి గకుయెన్ అనే స్టేషన్‌కి వెళ్ళాను. బొమ్మలు తీసే తోయె కంపెనీ ఆ చుట్టుపక్కలే ఉంది. స్టేషన్ బయట పాత బొమ్మల కథల నాయకుల కంచు విగ్రహాలు నిలబెట్టారు. ఒక తాతగారు మనవణ్ణి ఆటం విగ్రహం పక్కన నిలబెట్టి, ఆటంలాగే చెయ్యి పెట్టించి, మూడు నాలుగు సార్లు మళ్ళీ మళ్ళీ ఫొటో తీశారు. ఆటం అంటే మనసున్న రోబో పిల్లాడు. 1963 జనవరి 1న టీవీలో మొదలైంది, ఇక్కడ అరగంట బొమ్మల సీరియల్ వారం వారం రావడానికి దారి వేసింది అదే. గీసినాయన తెజుకా ఒసాము, వైద్యం చదివి బొమ్మల్లోకి వచ్చారు. వారానికో ఎపిసోడ్ అంటే మాటలా? సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేములు గడవాలి. ఒక్కో బొమ్మనే మూడు ఫ్రేములు నిలబెట్టి, పెదాలు మాత్రం కదిలించి, ఒకసారి గీసినవే మళ్ళీ వాడి నెట్టుకొచ్చారు. "మనుషులు కదలరు, నోళ్ళే కదుల్తాయి" అని బావగారు విసుక్కుంటారుగా, దానికి కారణం ఇదని చెప్పు. అలా కదలని బొమ్మలతోనే ఏడిపించడం వీళ్ళు నేర్చుకున్నారు.

బుజ్జిగాడు పెద్దయ్యాక ఇదే పని చేస్తానన్నాడట. గీయనీ అక్కా, నోటుబుక్కు చింపకండి. వేరే పుస్తకం కొనివ్వు, నేను డబ్బు వేస్తాను. కానీ ఇక్కడ కొత్తగా చేరిన గీసేవాళ్ళకి జీతాలు చాలా తక్కువ, రాత్రుళ్ళు కూర్చోవాలి. అదీ వాడికి తెలియాలి. సెలవుల్లో ఫోన్ చేసినప్పుడు మెల్లగా చెప్తాను.

ఇక నా గురించి. "ముప్ఫై దాటాయి, ఒక్కతే గదిలో కూర్చుని బొమ్మలు చూసుకుంటుంది" అని నువ్వు అమ్మతో అన్న మాట పిన్ని నాకు చేరవేసింది. కోపం రాలేదు గానీ కష్టంగా అనిపించింది. అక్కా, నేను వచ్చిన మొదటి చలికాలం నీకు ఫోన్ చేయడం తగ్గించేశాను. నీతో మాట్లాడితే ఏడుపొస్తుందని. అప్పుడు చూశాను ఈ కథ, తెలుగులో చెప్పాలంటే మార్చి నెల సింహంలా వస్తుందని పేరు. టోక్యోలో సుమిదా నది ఒడ్డున ఒక్కడే ఉండే కుర్రాడు, పేరు రేయ్. అమ్మానాన్నా చెల్లీ ప్రమాదంలో పోయారు. బళ్ళో చదువుకుంటూనే షోగి ఆడి బతుకుతాడు, అది వీళ్ళ చదరంగం. నదికి అవతల ముగ్గురు అక్కచెల్లెళ్ళ ఇల్లు. వాళ్ళ తాతకి మిఠాయి కొట్టు. పెద్దమ్మాయి అకారి వీణ్ణి ఇంటికి తీసుకొచ్చి అన్నం పెడుతుంది. తర్వాత వీడెక్కడ కనబడినా అన్నం పెడుతుంది. అంతే కథ, పెద్ద మలుపులేం ఉండవు. రెండో అమ్మాయి హినా బళ్ళో స్నేహితురాలిని ఏడిపిస్తుంటే అడ్డుపడి, తర్వాత తనే వాళ్ళ పాలబడుతుంది. ఏడుస్తూనే, నేను చేసింది తప్పు కాదంటుంది. నువ్వు టెన్త్‌లో నాకోసం ఆ అమ్మాయిలతో పోట్లాడి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఇది పెద్దవాళ్ళ పత్రికలో వచ్చిన కథే. ఇది చూసిన మర్నాడే నీకు ఫోన్ చేశాను. ఏమీ చెప్పకుండా, పప్పుచారులో ఎంత చింతపండు వేస్తావని అడిగాను. నాకు ఈ బొమ్మలు తోడున్నాయి. పెళ్ళికీ దీనికీ సంబంధం లేదు. ఆ సంబంధం వాళ్ళ ఫొటో పంపమను, చూస్తాను.

ఇవాళ సాయంత్రం ఆరున్నరకి టీవీలో సజాయె సాన్ అనే బొమ్మల సీరియల్ వచ్చింది. 1969 నుంచి ప్రతి ఆదివారం వస్తోంది, ఎవరికీ వయసు పెరగదు. తల్లి, తండ్రి, కూతురు, ఇల్లరికం వచ్చినట్టే ఉండే అల్లుడు, మనవడు, పిల్లలూ, అంతా ఒక్క బల్ల చుట్టూ కూర్చుని తింటారు. అమ్మకి నచ్చుతుంది. పెద్దత్త వాళ్ళు ఇల్లు అమ్మేశారా చివరికి?

బావగారికి నేను చెప్పానని చెప్పు: కాలేజీలో వాలీబాల్ ఆడిన మనిషి హైక్యూ అనే వాలీబాల్ బొమ్మల సీరియల్ చూడాలి. పొట్టి కుర్రాడు, ఎగిరి కొడతాడు. బంతి లేపి ఇచ్చే ఇంకో కుర్రాడికీ వాడికీ మొదట పడదు. ఒక్క ఎపిసోడ్ బుజ్జిగాడి పక్కన కూర్చుని చూడమను, తప్పులు ఆయనే పడతారు. అమ్మకైతే రామాయణం బొమ్మల సినిమా పెట్టు. యూగో సాకో అనే జపాన్ ఆయన మన దేశంలో బొమ్మల సినిమాలు తీసిన రామ్ మోహన్ గారితో కలిసి తీసింది, 1993 నాటిది. 2025 జనవరిలో తెలుగులో కూడా విడుదలైంది. అమ్మ పక్కన బుజ్జిగాణ్ణి కూర్చోబెట్టు.

వైఫై మళ్ళీ పెట్టించండి. రాత్రి తొమ్మిది తర్వాత కట్టేసుకోండి, నేనూ వాడికి చెప్తాను. అన్నం మాత్రం మాన్పించకు.

ఉంటాను. అమ్మకి నా నమస్కారాలు, బుజ్జిగాడికి ముద్దులు.

నీ
చెల్లి

తా.క. ఆవకాయ పంపకు, పోయినసారిదే ఇంకా సగం ఉంది. కందిపొడి, కారప్పొడి పంపు. బుజ్జిగాడు గీసిన బొమ్మ ఒకటి అందులో పెట్టమను, పెట్టెతో ఉన్నది.