పిల్లల కడుపునొప్పికి గ్యాస్ మాత్రేనా?

సంపాదకుడు గారికి,

పిల్లలకు కడుపునొప్పి అనగానే అందరం అనేవి ఆ నాలుగు మాటలే. గ్యాస్, తిన్నది పడలేదు, బడి ఎగ్గొట్టడానికి నాటకం, కాస్త పెద్దవాళ్లైతే పరీక్షల టెన్షన్. చాలాసార్లు అది నిజమే కూడా. డాక్టర్లు మొదట అలాగే అనుకుంటే తప్పు పట్టను. కానీ సర్జన్ చూడాల్సిన కొన్ని అరుదైన జబ్బులు సరిగ్గా ఈ మాటల చాటునే దాక్కుంటాయి. వాటిలో కొన్నింటికి ఉండే గడువు గంటలే.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది వృషణం మెలిపడటం గురించి. 12 నుంచి 18 ఏళ్ల మగపిల్లల్లో ఇది ఎక్కువ. కొందరికి పుట్టుకతోనే వృషణం సంచిలో సరిగా అతుక్కోక వదులుగా వేలాడుతుంటుంది. ఏ దెబ్బా తగలకపోయినా, నిద్రలో కూడా, అది మెలితిరిగి రక్తం అందకుండా పోతుంది. 6 గంటల్లోపు మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది, 24 గంటలు దాటితే దక్కడం అరుదు. చిక్కంతా ఎక్కడంటే, నొప్పి ఒక్కోసారి పొత్తికడుపులోనే తెలుస్తుంది, వాంతులూ అవుతాయి. పైగా పిల్లాడు సిగ్గుపడి కడుపునొప్పి అనే చెబుతాడు.

మా అక్కయ్య కొడుకు విషయంలో జరిగింది ఇదే. తెల్లవారుజామున నొప్పితో లేచి వాంతి చేసుకున్నాడు. చూపించిన చోట బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట నొక్కి, మాత్రలు రాసి పంపారు. ప్యాంటు దించమని ఎవరూ అనలేదు. వాడూ నోరు విప్పలేదు, పక్కనే వాళ్లమ్మ ఉంది మరి. సాయంత్రానికి కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంటే అప్పుడు అనుమానం వచ్చింది. ఒక వృషణం తీసేయాల్సి వచ్చింది. ఆ వదులు రెండు వైపులా ఉండటం మామూలేనట, అందుకని రెండోదాన్ని మళ్లీ మెలిపడకుండా కుట్టి పంపారు.

ఆడపిల్లల్లో అండాశయం కూడా ఇలాగే మెలిపడుతుంది. దాన్ని నెలసరి నొప్పి అని సర్దిచెప్పడం మరీ తేలిక. డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసరణ కనిపించినంత మాత్రాన మెలి లేదని తేల్చడానికి వీల్లేదు. నొప్పి తీరు చూసి సర్జన్ నిర్ణయించాల్సిందే.

పేగు సంగతి వేరు. తల్లి కడుపులో ఉండగానే బిడ్డ పేగులు తమ చోట కుదురుకోకపోతే, పుట్టాక ఎప్పుడైనా మెలిపడవచ్చు. పసిబిడ్డ ఆకుపచ్చటి పసరు కక్కితే పాలు పడలేదనుకుని కూర్చోకూడదు, వెంటనే పరుగెత్తాలి. ఇదే లోపం పెద్ద పిల్లల్లో ఏళ్ల తరబడి వచ్చిపోయే నొప్పిగానూ ఉండిపోవచ్చు. ఇక బాగా బరువు తగ్గిన టీనేజర్లలో చిన్నపేగు మొదటి భాగం రెండు రక్తనాళాల మధ్య నలిగి, తిన్నాక నొప్పి, వాంతులు వస్తాయి. వీళ్లలో చాలామందికి బరువు పెరిగితే ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కానీ ఈలోగా సన్నబడాలని తిండి మానేసిందన్న నింద ఆ పిల్ల మోయాలి.

ప్రతి నొప్పికీ స్కాన్ తీయమని నేను అనడం లేదు. సీటీ అయితే పిల్లలకు రేడియేషన్ కూడా. ఖర్చు లేని పనులే అడుగుతున్నాను. కడుపునొప్పితో వచ్చిన మగపిల్లాణ్ణి, తల్లిదండ్రుల్ని కాసేపు బయట కూర్చోబెట్టి, నర్సును తోడు పెట్టుకుని కింది దాకా పరీక్షించాలి. వృషణం మెలిపడిందన్న అనుమానం గట్టిగా ఉంటే స్కాన్ కోసం ఆగకుండా సర్జన్ దగ్గరికి పంపాలి. ఇంటికి పంపేటప్పుడు, ఏ లక్షణం కనిపిస్తే ఎన్ని గంటల్లో తిరిగి రావాలో చీటీ మీద రాయాలి. నొప్పి తగ్గకపోతే రండి అంటే ఎవరికి వాళ్లు మర్నాడు పొద్దున్న అనుకుంటారు.

నేను హైస్కూల్లో పాఠాలు చెబుతాను. జీర్ణవ్యవస్థ బొమ్మ గీయించడానికి పీరియడ్ దొరుకుతుంది గానీ, అక్కడ నొప్పి వస్తే దాచకు, వెంటనే చెప్పు అనడానికి మాకే మొహమాటం. మీ ఆరోగ్య పేజీలో ఒకసారి ఈ విషయం సూటిగా, కుర్రాళ్లు చదివేలా రాయించండి. దాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించే పని నేను చూసుకుంటాను.

– ఒక హైస్కూల్ టీచరు