కయాక్ దించడానికి ఒక రేవు చూపించండి

సంపాదకులకు నమస్కారం.

మాది కోనసీమ. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వసిష్ఠ, నడుమ వైనతేయ, మిగిలిన చోటంతా చేలకు నీళ్ళు మోసే కాలువలు. ఇంత నీటి మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. అయినా "ఆదివారం పొద్దున కయాక్ వేసుకుని ఎక్కడికి వెళ్ళొచ్చండీ?" అని ఎవరైనా అడిగితే ఒక్క చోటు పేరు కూడా ధైర్యంగా చెప్పలేకపోతున్నాను. అందుకే ఈ ఉత్తరం.

కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. ఇంజన్ ఉండదు, చప్పుడు ఉండదు. మోకాలి లోతు నీళ్ళున్నా సాగిపోతుంది. మూడేళ్ళ కిందట పాతదొకటి కొనుక్కున్నాను. దాన్ని నడపడం నేర్చుకోవడానికి రెండు మూడు రోజులు పట్టింది. దాన్ని ఎక్కడ దించాలో తెలుసుకోవడం మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

ఇప్పుడు కుర్రాళ్ళు చోటు వెతుక్కునేది ఫోన్‌లో వీడియోలు చూసి. వీడియోలో నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఆ నీళ్ళు ఏ నెలలో, ఏ వేళలో అలా ఉన్నాయో అందులో ఉండదు. నేనూ అలాగే మా మేనల్లుణ్ణి తీసుకుని దిండి దగ్గర వసిష్ఠలో దిగాను. అంతర్వేది వైపు వెళ్తుంటే తెడ్డు వేయకుండానే పడవ పరుగెత్తింది. మా చేతి చలవే అనుకున్నాం. వెనక్కి తిప్పాక ఎంత తెడ్డు వేసినా గట్టు మీది కొబ్బరిచెట్టు ఉన్నచోటే ఉండిపోయింది. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన కేకేసి గట్టుకు రమ్మన్నాడు. "పాటులో కిందికి పోతే ఎలాగ బాబూ? పోటు ఎక్కేదాకా ఇక్కడ కూకోండి" అన్నాడు. దాదాపు మూడు గంటలు కూర్చున్నాం. పోటు ఎక్కింది, ఏ కష్టం లేకుండా ఇంటికి చేరాం. సముద్రానికి దగ్గరలో ఉన్న ఏ పాయలోనైనా నీళ్ళు రోజుకు రెండుసార్లు ఎక్కి (అది పోటు) రెండుసార్లు దిగుతాయి (అది పాటు), అమావాస్య పున్నాలకు ఆ ఊపు ఇంకా ఎక్కువ. పల్లెల్లో వేటకు పోయేవాళ్ళకు ఇది పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి. బయటి నుంచి వచ్చినవాడికి చెప్పడానికి ఆ రేవులో ఒక బోర్డు లేదు. ఆ రోజు ఆ పెద్దాయన లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

కాలువల సంగతి వేరు. పైకి చూస్తే పసిపిల్లలు ఆడుకునేంత నెమ్మదిగా ఉంటాయి. కానీ లాకుల (పడవలు దాటించే గేట్ల) దగ్గర, డ్రాపుల (కాలువ మెట్టులా కిందికి దిగే చోట్ల) దగ్గర నీరు కిందికి దూకి మళ్ళీ వెనక్కి సుడి తిరుగుతుంది. ఆ సుడిలో చిక్కిన పడవ అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది, లైఫ్ జాకెట్ వేసుకున్న ఈతగాడు కూడా బయటపడటం కష్టం. బ్యారేజీ గేట్ల దిగువన ప్రమాదం అంతకు ఎన్నో రెట్లు. ఇక పోలవరం కుడి కాలువలాంటి సిమెంటు లైనింగ్ కాలువల్లో దిగాలనే ఆలోచనే వద్దు. పడవ బోల్తాపడితే ఆ నున్నటి వాలు పట్టుకుని పైకి ఎక్కలేం. కొన్నిచోట్ల గుర్రపుడెక్క గట్టు నుంచి గట్టుకు అల్లుకుని దారే ఉండదు. ఇవన్నీ నేను ఒక్కొక్కటిగా, కొన్ని భయపడుతూ తెలుసుకున్నవి. ముందే చెప్పేవాళ్ళుంటే బాగుండేది. ఒక కార్యాలయానికి వెళ్ళి అడిగితే ఇంకో కార్యాలయం పేరు చెప్పారు. అక్కడికి వెళ్తే మళ్ళీ మొదటిదే చెప్పారు.

నీటి కబురు జనానికి చెప్పడం మన ప్రభుత్వాలకు చేతకాని పని కాదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మా ఊళ్ళో బడిపిల్లలు కూడా చెబుతారు. ధవళేశ్వరంలో నీటిమట్టం ఎంతుందో వరదరోజుల్లో గంటగంటకూ వింటాం. అంత పెద్ద నదిని అంత శ్రద్ధగా కొలిచేవాళ్ళు పది రేవుల్లో పది బోర్డులు పెట్టలేరా? ఇక్కడ దిగొచ్చు, ఫలానా వంతెన దాటి వెళ్ళొద్దు, ఈ వారం నీరు ఇంత వదులుతున్నాం, మధ్యాహ్నం సముద్రపు గాలి లేవకముందే తిరిగి రండి. ఈ నాలుగు మాటలు రాసిపెడితే చాలు.

2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవలు మునిగి జరిగిన ఘోరాలు గుర్తున్నవాళ్ళు "పడవలే వద్దు" అంటారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. కచ్చులూరు వార్త విన్న రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. కానీ వద్దన్నంత మాత్రాన కుర్రాళ్ళు నీళ్ళకు దూరంగా ఉండరు. ఎవరూ చూడని చోట దిగుతారు. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టుకు హైదరాబాద్ నుంచి జనం సెలవురోజుల్లో కయాకింగ్ కోసమే వెళ్తున్నారు. అక్కడ లైఫ్ జాకెట్ కట్టించి నీళ్ళలోకి పంపుతారు. ఫలానా చోట దిగొచ్చని పదిమందికీ తెలిస్తే జనం అక్కడికే వెళ్తారు. కోరింగ మడ అడవుల్లోనూ ఇంజన్ పడవలతో పాటు, పోటు వేళ చూసి, అటవీ శాఖ మనిషి తోడుగా నాలుగైదు తెడ్డు పడవల్ని పంపితే బాగుంటుంది. చప్పుడు లేకుండా వెళ్తే నీటికుక్కలు కనిపించే అవకాశమూ ఎక్కువే.

కొత్తగా రిసార్టులు కట్టమని నేను అడగడం లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ కాలువలే మా డెల్టాకు రోడ్లు. ధాన్యం, కొబ్బరి, పెళ్ళివారు అందరూ పడవల మీదే వెళ్ళేవారని మా తాతయ్య చెప్పేవారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువల్నీ, గోదావరి, కృష్ణల్లో కొంత మేరనూ కలిపి 1,078 కిలోమీటర్లను 2008లో జాతీయ జలమార్గం-4గా ప్రకటించారు కూడా. ఆనాటి పడవల రేవులు లాకులకు కాస్త ఎగువన ఇంకా ఉన్నాయి. చాలా చోట్ల మెట్లు విరిగిపోయి, తుప్పలు పెరిగి, చెత్త పోసే చోట్లయ్యాయి. కయాక్ దించడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. లాకు వైపు వెళ్ళకుండా అడ్డంగా ఒక తాడు, దానికి ఎర్ర డ్రమ్ములు కడితే సరిపోతుంది.

ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్ళీ ఖరీఫ్‌కు నీళ్ళు వదిలేదాకా అడుగు కనబడుతుంది, మెట్లు కట్టడానికి నీళ్ళు తోడక్కర్లేదు. ఈసారి కట్టేసినప్పుడు మండలానికి ఒక్క రేవైనా బాగుచేయమని జలవనరుల శాఖను, పర్యాటక శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా ఊరి రేవులో తుప్పలు కొట్టడానికి, చెత్త ఎత్తడానికి మేం పన్నెండు మందిమి సిద్ధంగా ఉన్నాం. ఎవరిని అడిగి మొదలుపెట్టాలో చెబితే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
అమలాపురం