గురువారం క్లాసులో ఆ అమ్మాయి అడగబోయిన ప్రశ్న

బుజ్జమ్మా,

ఆదివారం ఫోన్‌లో నువ్వు చెప్పినవన్నీ విన్నాను గానీ అప్పటికప్పుడు నాకు నోట మాట రాలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ప్రయోగం మూడోసారి కూడా పాడైందన్నావు, టీచింగ్ మీద టైం తగ్గించుకోమని మీ గైడ్ అన్నారన్నావు, ఇంకో ఏడాది క్లాసులు చెప్పే ఆ టీఏ పని తప్పదని టెన్షన్ పడ్డావు. వాటన్నిటికీ ఏదో దారి దొరుకుతుంది. మధ్యలో ఒక మాట అనేసి వెళ్ళిపోయావు చూడు, గురువారం క్లాసయ్యాక ఒక అమ్మాయి వచ్చి ఏదో అడగబోతే, ల్యాబ్‌లో శాంపిల్స్ తీసే టైం అయిపోతోందని పంపించేశానని. ఆ మాటకే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. నిన్ను తప్పు పట్టడానికి కాదు తల్లీ. ఆ పని నేనూ చేశాను.

నీకెప్పుడూ చెప్పలేదు. 1986 ఆగస్టు గోదావరి వరద సంగతి నాన్నగారు చెప్పగా చాలాసార్లు విన్నావు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, గట్లు తెగాయి, లంకలన్నీ మునిగాయి. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నీళ్ళు తీశాక బడి తెరిస్తే గోడల మీద నడుమెత్తున బురద చార, బెంచీలు బయట ఎండలో ఉన్నాయి, పిల్లలు సగం మందే వచ్చారు. ఎనిమిదో తరగతికి శ్వాసక్రియ చెబుతున్నాను. లంకలోంచి వచ్చే ఒక కుర్రాడు, వాడి చొక్కాకి రెండే గుండీలు ఉండేవి, లేచి నిలబడి, "టీచర్ గారండీ, వరి ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటది కదండీ, మరి మునిగితే ఎందుకు చచ్చిపోద్దండీ?" అన్నాడు. ఊడ్పులై పది రోజులైనా కాకుండానే వాళ్ళ చేను మొత్తం మునిగి కుళ్ళిపోయింది. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. "ఊపిరాడక చస్తుంది, కూర్చో" అన్నాను. వాడు కూర్చోలేదు. "మామూలప్పుడు కూడా వేళ్ళు నీళ్ళలోనే కదండీ, మరి వాటికెలా ఆడుద్దండీ?" అన్నాడు. వరద సెలవులతో సిలబస్ వెనకబడిపోయింది, తర్వాత చెబుతాలే అన్నాను. చెప్పనేలేదు. సంక్రాంతి వెళ్ళాక వాడు బడి మానేశాడు, వాళ్ళ కుటుంబం పని వెతుక్కుంటూ ఎటో వెళ్ళిపోయిందన్నారు.

నేను చదువుకున్నదీ అలాగే. బీఎస్సీలో మా లెక్చరర్ ఒకాయన నోట్సు చదువుతుంటే రాసుకోవడమే, తలెత్తి ఏదైనా అడిగితే "అది పరీక్షలో రాదమ్మా" అనేవారు. ఆయన చెడ్డవారేం కాదు. ఆయన ఎలా నేర్చుకున్నారో అలాగే నేర్పారు. నేను కూడా అదే చేయబోయాను, ఆ కుర్రాడు బడి మానేసి ఉండకపోతే చేస్తూనే ఉండేదాన్నేమో. ఆ ఏడాది నుంచే పిల్లలు అడిగి నాకు తెలియనివన్నీ ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. బీరువా కింది అరలో అట్టలు వేసి ఉన్న పుస్తకాలు అవే, నువ్వు చిన్నప్పుడు లెక్కల నోట్సులనుకుని వెనక పేజీల్లో బొమ్మలు గీసేదానివి. రొయ్యకి రక్తం ఎర్రగా ఎందుకుండదని అడిగిన ఒక పిల్ల కోసం రాజమండ్రి వెళ్ళి గౌతమీ గ్రంథాలయంలో ఒక పూటంతా వెతికాను. దాని రక్తంలో ఇనుముకి బదులు రాగి ఉంటుందని తెలిసిన రోజున బస్సులో ఇంటికి వస్తూ ఎంత సంబరపడ్డానో! ముప్పై ఏళ్ళ పైబడి పాఠాలు చెప్పాను గానీ, నేను నిజంగా చదువుకున్నది ఆ పుస్తకాల పుణ్యమానే.

మొదటి పుస్తకంలో ఆ కుర్రాడి ప్రశ్నకి వదిలిన మొదటి పేజీ మాత్రం చాలా ఏళ్ళు ఖాళీగానే ఉంది. దాన్ని నింపింది నువ్వు. ఎమ్మెస్సీలో ఉండగా సెలవులకి వచ్చి, పెరట్లో బొప్పాయి కాడ ఒకటి తుంచి, ఒక కొస బకెట్టు నీళ్ళలో పెట్టి రెండో కొసలోంచి ఊదావు, బుడగలు వచ్చాయి. "వరి కూడా ఇంతేనమ్మా, లోపల గాలి గదులుంటాయి, ఆకు కొస పైకి తేలి ఉన్నంతసేపూ గాలి వేళ్ళ దాకా దిగుతుంది" అన్నావు. తర్వాత కాడ మొత్తం నీళ్ళలో ముంచేశావు. నీళ్ళలో గాలి కదలిక బయటికన్నా పదివేల రెట్లు నెమ్మది, పూర్తిగా మునిగిన మొక్కలో ఇథిలీన్ అనే వాయువు బయటికి పోలేక పోగవుతుంది, దాంతో మొక్క ఎలాగైనా పైకి తేలాలని గబగబా సాగుతుంది, దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే అయిపోతుంది, నీళ్ళు తీసేసరికి నిలబడే సత్తువ లేక వాలిపోతుంది అని చెప్పావు. నేను లోపలికి వెళ్ళి ఆ పేజీలో రాసుకున్నాను. చెప్పడానికి ఆ కుర్రాడు లేడు.

ఆ రోజే నువ్వు ఆ ముంపు తట్టుకునే జన్యువు కథ కూడా చెప్పావు, నాకది ఇప్పటికీ కంఠతా వచ్చు. ఒడిశా రైతుల పాత రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్13ఏ అనే వరి రెండు వారాలు మునిగినా బతుకుతుంది, సాగకుండా కదలకుండా ఉండి తిండి దాచుకుంటుంది. కాలిఫోర్నియాలో డేవిస్ యూనివర్సిటీలో డేవిడ్ మెకిల్ అనే శాస్త్రవేత్త, ఆయన దగ్గర చదువుకుంటున్న కెనోంగ్ షూ కలిసి, ఆ గుణం తొమ్మిదో క్రోమోజోములో ఒక చోట ఉందని 1996లో రాశారు. 1996 అంటే మనకి నవంబరు 6 తుఫాను. నువ్వు నా కడుపులో ఉన్నావు. రాత్రంతా వంటింటి గోడకి ఆనుకుని కూర్చున్నాం, తెల్లారి చూస్తే పెరట్లో ఒక్క కొబ్బరిచెట్టుకీ మొవ్వు మిగల్లేదు. అప్పుడు మొదలైన ఆ పనిలో అక్కడి శాస్త్రవేత్త పమేలా రొనాల్డ్ కూడా కలిసి, జన్యువు ఇదేనని తేల్చి నేచర్ పత్రికలో వేసేసరికి 2006. పదేళ్ళు! ఈలోగా నువ్వు పుట్టి, నడిచి, బడికి వెళ్ళి, ఎక్కాలు కూడా నేర్చేసుకున్నావు. నీ ప్రయోగం మూడుసార్లు పాడైందంటే నాకు భయం వేయకపోవడానికి కారణం ఇదే. ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఆ జన్యువుని మన స్వర్ణ వరిలోకి దించారు, 2009లో స్వర్ణ సబ్1 అని మన దేశంలో విడుదలైంది. స్వర్ణ అంటే మరెవరిదో కాదు, మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన 7029 రకం, మీ నాన్నగారు ఏటా సార్వాకి చల్లినదే. ఒడిశా రైతు విత్తనం, మార్టేరు విత్తనం, అక్కడెక్కడో చదువుకుంటున్న ఒక విద్యార్థి కష్టం, అన్నీ ఒక గింజలో కలిశాయి కదా అని ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

మీ గైడ్ చెప్పింది తప్పనడం లేదు. పెద్ద యూనివర్సిటీలో పేపర్లకున్న విలువ పాఠానికి ఉండదని నువ్వే చెప్పావు, థీసిస్ పూర్తి కాకపోతే ఎవరూ ఊరుకోరు, అది నాకూ తెలుసు. ఆన్సర్ షీట్లు దిద్దడానికి వారానికి ఇన్ని గంటలే అని గట్టిగా గీత గీసుకో, ఎంత దిద్దినా ఇంకా ఉంటూనే ఉంటాయి, నా మాట విను. కానీ మీ యూనివర్సిటీ గేటు దగ్గర బోర్డు చూపించి నువ్వేం చెప్పావో గుర్తు తెచ్చుకో. 1862లో అమెరికా అధ్యక్షుడు లింకన్ సంతకం పెట్టిన చట్టంతో, రైతుల పిల్లలు, కూలీల పిల్లలు కూడా చదువుకోవాలని భూములిచ్చి పెట్టించిన కాలేజీల్లో అదొకటి అన్నావు. ఆ భూములు అక్కడి ఆదివాసుల దగ్గర లాక్కున్నవని కూడా అన్నావు, దాచలేదు. మొదట పెట్టింది పాఠం చెప్పడానికి, పరిశోధన కేంద్రాలకి డబ్బిచ్చే చట్టం 1887లో వచ్చింది, రైతు దగ్గరికి వెళ్ళి చెప్పే పనికి 1914లో. మూడూ ఒకే చోట ఉండాలని అంత పెద్ద సంస్థలు కట్టుకుని, ఇప్పుడు వాటిలో ఒకటి అసలు పని, మిగతావి అడ్డం అంటే ఎలాగమ్మా?

పోయినేడు నేను అక్కడికి వచ్చినప్పుడు నీ క్లాసులో వెనక కూర్చున్నాను గుర్తుందా? అంతకు ముందు రోజు చూపించిన మూడు వందల మంది పట్టే హాలు కాదు, నీ చిన్న గది, ఇరవై మంది పిల్లలు. బోర్డు మీద వేరు బొమ్మ వేశావు, ఒక కుర్రాడు ఏదో అడిగాడు, నువ్వు ఆగి, వేసినదంతా అరచేత్తో తుడిచేసి మళ్ళీ వేశావు. రెండోసారి వేసింది వేరేగా ఉంది. బయటికొచ్చాక "వాడు అడిగేదాకా నాకూ సరిగ్గా అర్థం కాలేదమ్మా" అన్నావు, చెయ్యంతా రంగే. ఆ మాట నువ్వు మీ ల్యాబ్ గురించి ఒక్కసారి కూడా అనలేదు నాతో.

గురువారం ఆ అమ్మాయి క్లాసుకి వస్తే నువ్వే పిలిచి అడుగు. పోయిన వారం తొందరలో ఉన్నాను, ఏం అడగాలనుకున్నావమ్మా అని. నీకు తెలియనిదైతే తెలియదనే చెప్పు, చూసి చెబుతానను. శాంపిల్స్ ఒక పావుగంట ఆగలేకపోతే ఎప్పుడు రావాలో చెప్పి పంపు.

ఇక్కడ ఆకుమడి పోశారు, కాలవ నీళ్ళు మన బోదె దాకా ఇంకా సరిగ్గా రావడం లేదు, నాన్నగారు పొద్దున్నే పార పుచ్చుకుని వెళ్తున్నారు. సున్నుండలు చేశాను, మీ పిన్ని కొడుకు వచ్చే నెల బయల్దేరుతున్నాడు, వాడి చేత పంపిస్తాను. ఆ అమ్మాయి ఏం అడిగిందో వచ్చే ఆదివారం మర్చిపోకుండా చెప్పు, పుస్తకం దగ్గర పెట్టుకుని కూర్చుంటాను.

అమ్మ