ఔలి సరే, జోషీమఠ్ సంగతేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో ఉత్తరాఖండ్‌లోని ఔలి గురించి వచ్చిన వ్యాసం చదివాను. మంచు గురించి, స్కీయింగ్ గురించి చక్కగా రాశారు. కానీ దాని కిందే ఉన్న జోషీమఠ్ ఊరి గురించి ఒక్క ముక్క లేదు. మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

2019 అక్టోబరులో బదరీనాథ్ నుంచి తిరిగొస్తూ నేనూ మా ఆవిడా జోషీమఠ్‌లో ఆగాం. నరసింహస్వామి దర్శనం చేసుకుని ఔలికి రోప్‌వే ఎక్కాం. దాదాపు 4 కిలోమీటర్ల దారి, పది టవర్లు. టవర్ దాటినప్పుడల్లా కేబిన్ ఒక్క ఊపు ఊగేది, మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. పైన దిగేసరికి ఎదురుగా నందాదేవి శిఖరం! అక్కడ టీ పోసిచ్చిన ఒక పెద్దావిడ కిందికి చెయ్యి చూపించి, ఆ తీగల కిందే తన ఇల్లని చెప్పింది.

ఔలి వాలుల మీద సరిహద్దు కాపలా కాసే ఐటీబీపీ జవాన్లు ఏళ్ల తరబడి స్కీయింగ్ నేర్చుకున్నారు. 1990ల్లో రోప్‌వే వచ్చాక జనం పెరిగారు. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో స్కీయింగ్ పోటీలు అక్కడే జరిగాయి. మంచు తయారుచేసే యంత్రాలు తెచ్చారు, వాటి నీళ్ల కోసం కొండ మీద చెరువు కట్టారు. అయినా 2023 ఫిబ్రవరిలో మంచు చాలక జాతీయ పోటీలు రద్దయ్యాయి. యంత్రం ఉంటే సరిపోదు, తగినంత చలి కూడా ఉండాలి.

దానికి నెల ముందే జోషీమఠ్‌లో నేల కుంగింది. 800కు పైగా కట్టడాలు బీటలు వారాయి, రోప్‌వే ఆపేశారు. ఉండటానికి పనికిరావని గోడల మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులు వేసిన ఇళ్లను టీవీలో చూపిస్తుంటే, ఆ పెద్దావిడ ఇల్లు అందులో ఉందేమోనని వెతుక్కున్నాం. ఆ ఊరు పాత కొండచరియల శిథిలాల మీద ఉందనీ, బరువైన కట్టడాలు వద్దనీ, బండరాళ్లు కదిలించొద్దనీ, చెట్లు కొట్టొద్దనీ ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. వినలేదు.

ఔలిని మూసేయమని నేననను. స్కీయింగ్ నేర్పే కుర్రాళ్లకూ, టీ కొట్ల వాళ్లకూ అదే బతుకుతెరువు. కొత్త హోటళ్ల కంటే ముందు ఆ ఊరికి సరైన డ్రైనేజీ కావాలి, ఇల్లు పోయినవాళ్లకు ఇల్లు కావాలి. బదరీనాథ్ వెళ్లే మన తెలుగువాళ్లంతా ఆ ఊరి మీదుగానే పోతారు. దయచేసి మీ విలేకరిని ఒకసారి అక్కడికి పంపి, ఆ ఇళ్లవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో రాయించండి.

– ఒక పాఠకుడు, వరంగల్