పట్టాలు ఆగింది కాగితాల దగ్గరే

సంపాదక మహాశయా,

విక్టోరియా కాలపు ఇంగ్లండ్ పల్లె రైళ్లపై మీ వ్యాసం, లైన్లు సగంలో ఆగిన తప్పంతా కాంట్రాక్టర్ల మీదే వేసింది. ష్రాప్‌షైర్‌లోని బిషప్స్ క్యాజిల్ లైను వంటి చిన్న కంపెనీల సంగతి చూడండి. కంపెనీ చేసే అప్పు దాని వాటా మూలధనంలో మూడో వంతు దాటకూడదని అప్పటి చట్టం. వాటాలేమో జనం కొనేవారు కాదు. దాంతో నగదుకు బదులు వాటాలనే కాంట్రాక్టరుకు అంటగట్టేవారు. వాటిని తక్కువకు తెగనమ్ముకోక తప్పదు కనుక, ఆ నష్టాన్ని అతను మైలు పట్టాలకు ఇంతని అడిగే రేటులో ముందే కలిపేవాడు. 1866 మేలో లండన్‌లోని పెద్ద రుణ సంస్థ ఓవరెండ్ గర్నీ కుప్పకూలాక ఆ వాటా కాగితాలకు గిరాకీయే లేదు.

ఈ లైనులో మాంట్‌గొమరీ ఊరికి పోవాల్సిన పట్టాలు లిడమ్ హీత్ స్టేషను దాటలేదు; బిషప్స్ క్యాజిల్ శాఖేమో అక్కడి నుంచి వెనక్కి మళ్లేది. అక్కడ ఇంజన్ విప్పి, బండి రెండో చివర తగిలిస్తేగాని బిషప్స్ క్యాజిల్ చేరేవారు కాదు! 1867 నాటి రైల్వే కంపెనీల చట్టం ఇంజన్లనూ పెట్టెలనూ అప్పులవాళ్ల జప్తు నుంచి కాపాడింది, నేలను కాదు. భూమి సొమ్ము ముట్టలేదని 1877లో హార్డర్లీ దగ్గర పట్టాలు పీకేశారు. అయినా రిసీవరు (దివాలా కంపెనీని నడపడానికి కోర్టు నియమించిన అధికారి) చేతిలోనే ఆ లైను 1935 దాకా నడిచింది.

— ఒక పాఠకుడు